యాభై వేల యాభై ఒకటో వరస

ఇనామ్‌జాన్ దోమ్లా పూసల చట్రం ముట్టుకుని ఆ గురువారానికి పది రోజులైంది.

వారం తిరిగేసరికి ఇంటి పనుల్లో పడి కథ మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. మార్గిలాన్ ఊళ్ళో నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి, చూపు పోయాక ఇంట్లో కూర్చున్న పెద్దాయన ఇనామ్‌జాన్. వీధి వీధంతా ఆయన్ని ఇప్పటికీ దోమ్లా అనే పిలుస్తుంది, అయ్యవారూ అన్నట్టు. దాదాపు ఏడేళ్ళ నుంచి రోజూ పొద్దున్న టీ అయ్యాక, ద్రాక్షపందిరి కింద చెక్క అరుగు మీద కూర్చుని, ఒళ్ళో పూసల చట్రం పెట్టుకుని ఆయన ఒకే ఒక్క లెక్క చేస్తున్నాడు. ఒకటిని లక్షా నూట మూడుతో భాగించడం. చేతివేళ్ళతో పూసలు తడిమి ఒక అంకె చెబుతాడు, మిగిలిన శేషం చెబుతాడు. పక్కన కూర్చున్న భార్య రిసాలత్ గళ్ళ నోట్‌బుక్కులో ఒక వరసగా రాస్తుంది. శేషానికి సున్నా చేర్చి మళ్ళీ భాగించడం, మళ్ళీ ఒక వరస. రోజుకి ఇరవై వరసలు, ఒక పేజీ. అంతటితో ఆ రోజు పని సరి.

లక్షా నూట మూడు ప్రధాన సంఖ్య. ఒకటీ, అదీ తప్ప మరేదీ దాన్ని భాగించదు. అందులోనూ ఇది ఒక ప్రత్యేకమైన జాతి. దీంతో భాగిస్తూ పోతే ఏ శేషమూ రెండోసారి రాదు. లక్షా నూట రెండు గడపలున్న ఊళ్ళో పెళ్ళి పిలుపులకి బయల్దేరిన మనిషి, ఏ గడపా రెండుసార్లు తొక్కకుండా ఊరంతా తిరిగి, ఆఖరికి తన ఇంటికి చేరినట్టు, శేషాలన్నీ అయ్యాకే మొదటిది తిరిగొస్తుంది. సరిగ్గా సగం దారిలో, యాభై వేల యాభై ఒకటో వరసలో, శేషం లక్షా నూట రెండు రావాలి. సంఖ్య కంటే ఒక్కటే తక్కువ. అది వస్తే అప్పటిదాకా చేసిందంతా నిజం. రాకపోతే ఎక్కడో తప్పు పడింది. ఒక్క శేషం తప్పితే దాని వెనక వచ్చినవన్నీ తప్పే.

ఇరవై ఏడో నోట్‌బుక్కు, ఏడో పేజీ, పదకొండో వరస. రిసాలత్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఆ రోజుకి పులావు కూడా వండింది. వచ్చిన శేషం ఎనభై వేల నాలుగు వందల తొంభై ఒకటి.

దోమ్లా ఆ వరసని రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత పూసలన్నీ ఒక పక్కకి జరిపి, "నా వేలు ఎక్కడో జారింది. ఇంక చాలు," అన్నాడు. పులావు పక్కింటికి పోయింది. మర్నాడు ఆయన కోడలు సనోబర్‌ని పిలిచాడు. ఇరవై ఏడు నోట్‌బుక్కులూ కట్ట కట్టి, పొద్దుతిరుగుడు గింజలమ్మే సోబిరాకి పొట్లాల కోసం ఇచ్చెయ్యమన్నాడు. గురువారం వచ్చి పట్టుకెళ్ళమని కబురు కూడా పంపాడు.

ఆ గురువారం రానే వచ్చింది, సోబిరా కూడా వచ్చింది.

"ఏమ్మా సనోబర్, కట్ట ఎక్కడ?" వీధి తలుపు తీసీ తియ్యకుండానే లోపలికొచ్చి, ఒక నోట్‌బుక్కు చేతిలోకి తీసుకుని కాగితం వేళ్ళ మధ్య నలిపి చూసింది. "బాగుంది, మందంగా ఉంది. పోయినసారి మునిసిపాలిటీ కాగితాలిచ్చారు, గింజ బరువుకే చినిగిపోయాయి. దోమ్లాగారి లెక్కల్లో పొట్లం కట్టిస్తే కొనుక్కున్న పిల్లలకి ఇంత తెలివైనా అంటుకుంటుంది."

"ఇవాళ కాదు పిన్నీ. ఇంకా సర్దలేదు."

"సర్దడానికేముంది? పెళ్ళికూతురి సామానా?"

"అదీ అంతే అనుకో. సాయంత్రం రా."

"సాయంత్రం నాకు సినిమా హాలు దగ్గర బేరం. ఇప్పుడిస్తే ఇవ్వు, లేకపోతే పొయ్యిలో పెట్టుకో." మాట కటువుగా ఉన్నా, సనోబర్ ఆవిడ కొంగు నిండా పోసిన ద్రాక్షపళ్ళు చూసి మెత్తబడింది. "సరే, రేపు ఒస్తాలే. పెద్దాయన తింటున్నాడా?"

"సగం గిన్నె."

"మీ అత్త?"

సనోబర్ ఇంకో గుప్పెడు పళ్ళు ఆవిడ కొంగులో వేసింది. సోబిరా మళ్ళీ అడగకుండా వెళ్ళిపోయింది.

అందరూ ముందు పెద్దాయన గురించే అడుగుతారు. సనోబర్‌కి మాత్రం ఈ పది రోజులూ అత్తగారిని చూస్తుంటేనే భయంగా ఉంది. రిసాలత్ పనులన్నీ చేస్తోంది. పిండి కలుపుతోంది, పందిరి కింద రాలిన ఆకులు ఊడుస్తోంది, భర్త చేతికి టీ గిన్నె అందిస్తోంది. నోరు మాత్రం విప్పడం లేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళకి నోట్‌బుక్కుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఒకరోజు సనోబర్ సందులోంచి చూసింది. ఆవిడ ఒక్కో వరస మీదా వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, తను రాసిన అంకెల్లో తన తప్పు వెతుక్కుంటోంది. ఏడో తరగతి చదువు. యాభై వేల వరసలు.

ఇంట్లో మగదిక్కు ఎల్మురాద్, సనోబర్ భర్త, కాలేజీ మేష్టరు, ఏటా సర్కారు పంపినట్టే పిల్లల్ని తీసుకుని పత్తి ఏరడానికి పోయి మూడు వారాలైంది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పెళ్ళికి ముందు సనోబర్ ఫెర్గానా కాలేజీలో రెండేళ్ళు గణితం చదివింది. ఆ చదువు ఇప్పుడైనా పనికి రాకపోతే ఎందుకని, సోబిరా వెళ్ళగానే తనే ఆ గదిలో కూర్చుంది.

అన్ని వరసలూ మళ్ళీ చెయ్యడం అయ్యే పని కాదు. ఒక్కో నోట్‌బుక్కులో మొదటి వరస, చివరి వరస సరిచూద్దామనుకుంది. ఒక నోట్‌బుక్కు చివరి శేషం నుంచి తర్వాతి దాని మొదటి వరస సరిగ్గా పుడుతోందా లేదా, అంతవరకు. ముందు చేతికి తగిలిన పంతొమ్మిదోది చూసి, ఇరవయ్యోది తెరిచింది. భాగించనక్కర్లేకపోయింది. పంతొమ్మిదో దాని ఆఖరి వరసా, ఇరవయ్యో దాని మొదటి వరసా ఒకటే. అదే అంకె, అదే శేషం.

పొరపాటున రెండుసార్లు రాశారేమో అనుకుంది. ఇరవై, ఇరవై ఒకటి చూసింది. అక్కడా అంతే. మొదటికి పోయి వరసగా చూసుకుంటూ వచ్చింది. ఒకటీ రెండూ, రెండూ మూడూ, మూడూ నాలుగూ. ఒక్కటీ తప్పలేదు.

రిసాలత్ తందూరు ముందు కూర్చుని, రొట్టెలు లోపలి గోడకి అతికించే గుడ్డ దిండు మీద పిండి ముద్దలు పరుస్తోంది. మంట వేడికి మొహం ఎర్రగా ఉంది.

"అత్తయ్యా, ఒకటి అడుగుతాను. కొత్త నోట్‌బుక్కు మొదలెట్టేటప్పుడు మీరేం చేస్తారు?"

రిసాలత్ తలెత్తకుండానే, "ఏం చేస్తాను? పేరు రాస్తాను, నంబరు వేస్తాను," అంది. పది రోజుల్లో అదే పెద్ద మాట.

"ఆ తర్వాత?"

"పాతదాంట్లో ఆఖరి వరస పైన ఎక్కిస్తాను."

"ఎందుకు?"

ఆ ప్రశ్నకి ఆవిడ చేతులాపి, వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఎందుకేమిటే? ఖాళీ కాగితం మీద మొదలెడతారా ఎవరైనా? పక్కింటివాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగిస్తామా? నిన్నటి పిండి ముద్ద కలపకుండా ఇవాళ్టి పిండి పులుస్తుందా? మా అమ్మ అయితే కొత్త సంచీలో కూడా పాత సంచీలో గింజలు నాలుగు వేసేది."

"మామయ్యకి తెలుసా?"

"ఆయనకెందుకు? ఆయన చెప్పేది ఆయన చెబుతారు. ఇది రాసేవాళ్ళ పని."

"అత్తయ్యా," సనోబర్ ఆవిడ పక్కన నేల మీద కూలబడింది. "మీరు వరసలు ఎలా లెక్కపెట్టారు? ఒక నోట్‌బుక్కులో తొంభై ఆరు పేజీలు, పేజీకి ఇరవై..."

"పంతొమ్మిది వందల ఇరవై. ఇరవై ఆరు నోట్‌బుక్కులు నిండాయి. పైన నూట ముప్పై ఒకటి." నిద్రలో లేపినా చెప్పగలదు.

"అందులో ఇరవై ఆరు వరసలు రెండేసిసార్లు ఉన్నాయి. మీరు ఎక్కించినవి."

రిసాలత్‌కి అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. చేతిలో దిండు ఒళ్ళోకి జారింది. పిండి ముద్ద బూడిదలో పడింది. ఆ ఇంట్లో రొట్టె పిండి నేల మీద పడడం సనోబర్ అదే మొదటిసారి చూడడం.

"అంటే చెడగొట్టింది నేనా," అంది ఆవిడ మెల్లగా. "నా రాతలో తప్పుందేమో అనుకున్నాను. అంకె కాదు, నా తెలివే తప్పన్నమాట. ఏడేళ్ళు. ఆయన వేలు జారిందని ఊరందరికీ చెప్పుకున్నారు."

"చెడలేదు అత్తయ్యా, వినండి..."

"నువ్వు చెప్పకు." రిసాలత్ లేచి నిలబడింది. "ఆయనకి నేనే చెబుతాను. నువ్వు పక్కన ఉండు చాలు. సగంలో నోరు పెగలకపోతే అందుకో."

దోమ్లా అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అడుగుల చప్పుడుకి మొహం తిప్పాడు.

"ఇద్దరూ వస్తున్నారే. ఏమైంది, సోబిరా నోట్‌బుక్కులు వద్దందా?"

"ఏవండీ," రిసాలత్ ఆయన ఎదురుగా నిలబడింది, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లలాగా. "మీ వేలు జారలేదు. మీ లెక్కలో నేను చెయ్యి పెట్టాను. ప్రతి కొత్త నోట్‌బుక్కు మొదటా పాతదాని చివరి వరస మళ్ళీ రాశాను. మీకు చెప్పలేదు. చెప్పేంత విషయం అనుకోలేదు."

పందిరి మీద గోరింకలు ద్రాక్షల కోసం కొట్టుకుంటున్నాయి.

"ప్రతి నోట్‌బుక్కుకీనా?"

"మొదటిది తప్ప. దానికి వెనక ఏమీ లేదుగా."

"అంటే ఇరవై ఆరు." ఆయన వేళ్ళు గాలిలోనే పూసలు జరిపాయి. "అంటే మనం చూసింది యాభై వేల ఇరవై అయిదో వరస. రిసాలత్! గుమ్మానికి ఇరవై ఆరు అడుగుల దూరంలో ఆగిపోయి, ఇల్లే లేదని ఏడుస్తూ కూర్చున్నామా?"

"తిట్టండి."

"తిట్టడమా?" ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని సనోబర్ ముందుకి అడుగేసింది. ఆయన నవ్వుతున్నాడు, శబ్దం లేకుండా, గడ్డం ఎగిరెగిరి పడేలా. "ఏడేళ్ళు నా పక్కన కూర్చుని, నా భాగహారంలోకి పిండి పులియబెట్టావా! యూక్లిడ్ దగ్గర్నుంచీ లెక్కలు చేసినవాళ్ళు ఇన్ని వేలమంది, ఏ ఒక్కడి భార్యా చెయ్యని పని!"

"వాళ్ళ భార్యలు రొట్టెలు చేసుండరు," అంది రిసాలత్. మాటలో పాత పదును వచ్చింది.

"చట్రం తే అమ్మాయ్," అన్నాడాయన సనోబర్‌తో. "ఉత్తినే సంబరపడకండి. దారిలో నిజమైన తప్పు కూడా ఒకటి ఉండచ్చు. ఇరవై ఆరు వరసలు చేస్తేనే తేలుతుంది. రోజుకి ఒక పేజీయే కదా అనకు రిసాలత్, పది రోజుల బాకీ ఉంది."

"నేనేమన్నాను? పదకొండో వరస, శేషం ఎనభై వేల నాలుగు వందల తొంభై ఒకటి," అంది ఆవిడ అప్పటికే నోట్‌బుక్కు తెరిచి.

పూసలు టకటకమన్నాయి. లక్షా నూట మూడుకి తొమ్మిది దాకా ఎక్కాలు ఆయనకి నోటికొచ్చు.

"ఎనిమిది. శేషం నాలుగు వేల ఎనభై ఆరు."

"రాశాను."

"సున్నా. నలభై వేల ఎనిమిది వందల అరవై."

"రాశాను."

"నాలుగు. ఎనిమిది వేల నూట ఎనభై ఎనిమిది."

సనోబర్ అరుగు అంచున కూర్చుని చూస్తోంది. పది రోజుల తర్వాత ఆ "రాశాను" వినబడుతుంటే ఇంట్లోకి మనుషులు తిరిగొచ్చినట్టుంది. ఆవిడ ఒక్కో మాటా ఆయన చెప్పడం పూర్తయిందో లేదో అన్నట్టు అందుకుంటుంది. ఆయన ఆ మాట వినబడేదాకా తర్వాతి పూస ముట్టుకోడు. ఏడో పేజీ నిండింది. పేజీ తిప్పి రెండు వరసలు రాసిందో లేదో రిసాలత్ ముక్కు ఎగబీల్చింది.

"తందూరులో మొదట వేసినవి! సనోబర్, నువ్వు రాస్తుండు. గుండ్రంగా రాయి, నీ కాలేజీ రాత వద్దు." ఆవిడ ఒక్క ఉరుకున పెరటి వైపు పోయింది.

సనోబర్ పెన్ను తీసుకుంది. రెండు వరసలు రాసింది. ఇక ఉండలేకపోయింది.

"మామయ్యా, శేషం తప్పొచ్చిన రోజున నేను, ఈ సంఖ్యకి ఆ గుణం లేదేమో అంటే, సంఖ్యలో తప్పు లేదన్నారు. అంత గట్టిగా ఎలా అన్నారు?"

ఆయన వేళ్ళు ఆగాయి. "లక్షా నూట రెండులో సగమెంత?"

"యాభై వేల యాభై ఒకటి."

"దాన్ని ఏది భాగిస్తుంది?"

సనోబర్ మనసులో మూడుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో చూసింది. ఒక్కటీ పడలేదు. "ఏదీ భాగించదా? అదీ ప్రధాన సంఖ్యేనా?"

"అదీ ప్రధానమే. ఇప్పుడు ఆలోచించు. శేషం మొదటికి తిరిగి రావాలంటే, లక్షా నూట రెండుని భాగించే వరస దగ్గరే రావాలి."

"అలాంటివి నాలుగే. ఒకటి, రెండు, యాభై వేల యాభై ఒకటి, లక్షా నూట రెండు." ఆమెకి క్లాసులో బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డట్టుంది. "మొదటి రెండూ కావు. అంటే సగం దారి గుమ్మంలో ఉండగలిగింది ఇద్దరే. ఒకటి, లేకపోతే లక్షా నూట రెండు."

"ఆ ఇద్దర్లో ఎవరో తేల్చడానికి ఎంతసేపు?"

"శేషాన్ని శేషంతోనే గుణిస్తూ, వర్గాల మీద వర్గాలు చేసుకుంటూ పోతే..." సనోబర్ గొంతు తగ్గింది. "ఒక సాయంత్రం చాలు."

"చాలింది. నోటితోనే చేశాను. మొదటి నోట్‌బుక్కు కొనకముందే."

"మరి ఈ ఏడేళ్ళూ?"

"నెమ్మదిగా. మీ అత్తకి రొట్టె మాడే చప్పుడు కూడా వినబడుతుంది." ఆయన పెరటి వైపు చెవి పెట్టి, తర్వాత మొహం కిందికి దించుకున్నాడు. "మా కూతురు మొహిరా చనిపోయిన ఏడు అది. నువ్వప్పటికి ఈ ఇంటికి రాలేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఆరు రోజుల జ్వరం. మీ అత్త ఏడవలేదు. మాట మానేసింది. నాకు అప్పటికే చూపు లేదు అమ్మాయ్. కళ్ళున్నవాళ్ళు మనిషి మొహం చూసి ఏదో ఒకటి తెలుసుకుంటారు. నాకు ఆవిడ మాట తప్ప ఇంకేమీ లేదు, అదీ పోయింది. ఒక్కోసారి గదిలో ఉందో లేదో తెలిసేది కాదు. నాలుగు నెలలు. అప్పుడు అబద్ధమాడాను. ఒక పెద్ద లెక్క ఉంది, రాసిపెట్టేవాళ్ళు లేరు అన్నాను. వచ్చి కూర్చుంది. ఇరవై వరసలు రాసింది. ఇరవయ్యోది అయ్యాక, 'రేపు ఎన్నింటికి?' అంది. నాలుగు నెలల మీద మొదటి మాట."

సనోబర్ పెన్ను కాగితం మీద ఒకేచోట ఆగి సిరా చుక్క పెద్దదైంది.

"మరి తప్పొచ్చిందని మీరెందుకు అంత కుంగిపోయారు?"

"తప్పు నాదైతే ఏం? ఆవిడ తనదనుకుంది. మళ్ళీ చప్పుడు ఆగిపోయింది. ఆ నోట్‌బుక్కులు ఇల్లు దాటితే వెతుక్కోవడమైనా మానేస్తుందనుకున్నాను. ఎనభై వేల నాలుగు వందల తొంభై ఒకటికి బదులు లక్షా నూట రెండు అని చెప్పేసి ఉండచ్చు. నోరు రాలేదు. మనుషులతో అబద్ధమాడాను గానీ, భాగహారంలో అబద్ధమాడడం చేతకాలేదు." పెరట్లో అడుగులు వినబడి ఆయన పూసలు జరిపాడు. "ఏడు. డెబ్భై ఒక్క వేల నూట ఎనభై తొమ్మిది. రాశావా?"

"రాశాను," అంది సనోబర్.

రిసాలత్ వేడి రొట్టె ఒకటి తుంచి ఇద్దరి ముందూ పెట్టి, నోట్‌బుక్కు లాక్కుంది. "ఈ మచ్చేమిటి? మూడు వరసలకే? ఇందుకేనా కాలేజీకి పంపింది?" వేలితో సిరా చుక్క అద్ది, కింద కూర్చుంది. "కానివ్వండి."

ఏడు. ఒకటి. ఒకటి. ఒకటి. అయిదు. ఏడు. వరసలు తరుగుతున్నాయి. ఇరవై రెండు, ఇరవై మూడు. రొట్టె ఎవరూ ముట్టుకోలేదు.

"ఆరు. డెబ్భై వేల డెబ్భై రెండు."

"రాశాను. ఇరవై అయిదు అయ్యాయి," అంది రిసాలత్. "ఇంకొక్కటి."

"సున్నా చేరిస్తే ఏడు లక్షల ఏడు వందల ఇరవై." ఆయన పూసల మీద చెయ్యి పెట్టి జరపకుండా ఉండిపోయాడు. "ఏడుసార్లు ఎంత?"

"ఏడు లక్షల ఏడు వందల ఇరవై ఒకటి," అంది రిసాలత్. ఎక్కం ఆవిడకి కూడా ఎప్పుడో వచ్చేసింది. "ఒక్కటి తక్కువ. పోదు."

"పోదు కదూ?"

"పోదండీ. ఆరుసార్లే."

"ఆరు." పూసలు ఒకటొకటిగా జరిగాయి. ఆయన వేళ్ళు చట్రం పైకి పాకాయి, ప్రతి తీగ దగ్గరా ఆగి, తడిమి, మళ్ళీ తడిమాయి. "రిసాలత్, నువ్వు చెప్పు. ఆరు లక్షల ఆరు వందల పద్దెనిమిది తీసెయ్యి."

ఆవిడ కాగితం అంచున తీసివేసింది. చిన్నప్పుడు బళ్ళో చేసినట్టు అరువు తెచ్చుకున్న అంకెల మీద చుక్కలు పెట్టుకుంటూ. రెండు. సున్నా. ఒకటి. సున్నా, సున్నా. ఒకటి.

"లక్షా నూట రెండు," అంది.

దోమ్లా చెయ్యి చాపాడు. ఏడేళ్ళలో మొదటిసారి పూసల కోసం కాదు. రిసాలత్ సిరా అంటిన చెయ్యి అందులో పెట్టింది. సనోబర్ పందిరి వంక చూస్తూ కూర్చుంది, చూడ్డానికి అక్కడేమీ లేకపోయినా.

"యాభై వేల వరసల్లో ఒక్క తప్పు లేదు," అన్నాడాయన. "ఒక్క అంకె వంకర రాయలేదు నువ్వు."

"పేజీకి ఇంకా మూడు వరసలున్నాయి," అంది రిసాలత్ చెయ్యి విడిపించుకుని.

"ఇవాళ్టికి చాల్లే."

"పేజీ నిండకుండా ఎప్పుడైనా లేచామా? చెప్పండి."

ఆయన సనోబర్ వైపు మొహం తిప్పాడు. ఆ చూపులేని కళ్ళలో ఏముందో ఆమెకి అప్పుడు తెలియలేదు. ఆవిడని ఆపమంటున్నాడని మరుక్షణంలో తెలిసింది, తెలిసేసరికి ఆలస్యమైంది.

"తొమ్మిది," అన్నాడాయన నెమ్మదిగా. "లక్షా తొంభై మూడు."

"రాశాను."

"తొమ్మిది. లక్షా మూడు."

"రాశాను. పెద్ద పెద్దవి వస్తున్నాయే."

"తొమ్మిది. తొంభై తొమ్మిది వేల నూట మూడు. పేజీ అయింది. లే."

రిసాలత్ లేవలేదు. పెన్ను వెనకభాగం పెదవికి ఆనించుకుని ఆ మూడు తొమ్మిదుల వంక చూస్తోంది. "మొదటి రోజున సున్నాలే సున్నాలు వచ్చాయి. అయిదు. నాకు బాగా గుర్తు. ఇదేం లెక్క, ఉత్త సున్నాలు రాయించడానికా నన్ను పిలిచారు అనుకున్నాను. ఇంకో రెండు చెప్పండి."

"రేపు చూద్దాం."

"రెండే."

ఆయన చెప్పాడు. తొమ్మిది, తొమ్మిది. ఆవిడ ఇంకా అడిగింది, ఆయన ఇంకా చెప్పాడు. సున్నా, సున్నా, ఒకటి. అప్పుడు రిసాలత్ లేచి లోపలికి వెళ్ళి మొదటి నోట్‌బుక్కు తెచ్చింది. దాని మొదటి పేజీ, దీని చివరి వరసలూ పక్కపక్కన పెట్టింది. ఇంట్లో పప్పులో రాళ్ళేరినట్టు వేలితో ఒక్కొక్కటీ జరుపుకుంటూ పోయింది. అక్కడ సున్నా, ఇక్కడ తొమ్మిది. అక్కడ తొమ్మిది, ఇక్కడ సున్నా. అక్కడ ఎనిమిది, ఇక్కడ ఒకటి.

"కలిపితే తొమ్మిది," అంది. "ప్రతిదీ."

దోమ్లా చట్రం ఒళ్ళోకి దగ్గరగా లాక్కున్నాడు.

"అక్కడున్నది తొమ్మిదిలోంచి తీసేస్తే ఇక్కడిది వచ్చేస్తోంది. చివరిదాకా ఇంతేనా? అయితే మిగతా సగం ఇప్పటికే మన దగ్గరున్నట్టేగా. భాగించనక్కర్లేదు. మీరు చెప్పనక్కర్లేదు. నేను..." ఆవిడ ఆగింది. ఏడో తరగతి చదివిన మనిషి, ఎవరూ నేర్పకుండా, తన చేతి రాతలోంచే ఆ సంగతి కనిపెట్టింది. కనిపెట్టినందుకు సంతోషం మొహంలోకి రాబోయి సగంలోనే నిలిచిపోవడం సనోబర్ చూసింది.

"ఏవండీ, నిజమేనా?"

పూసల మీద ఆయన చెయ్యి కదల్లేదు. భాగహారంలో అబద్ధమాడడం ఆయనకి చేతకాదు. నిజం చెబితే రేపు పొద్దున్న టీ అయ్యాక ఈ అరుగు మీద చెప్పడానికీ రాయడానికీ ఏమీ మిగలదని ముగ్గురికీ తెలుసు.

రిసాలత్ ఇంకాసేపు ఆయన కోసం చూసి, కోడలి వైపు తిరిగింది.

"సనోబర్, నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ఇంక రాయాల్సింది ఉందా, లేదా?"

సనోబర్ నోరు తెరిచింది. ఎదురుగా మామగారు తల కొంచెం వంచి వింటున్నాడు.

"చెప్పవే," అంది రిసాలత్, పెన్ను మూత పెట్టకుండానే.